పాత లారీ లాగడం లేదా? గోదావరి డెల్టాలో బోరు, టర్బో, ఇంజన్ మార్పిడిలో ఏది ఎవరికి?

రావులపాలెం, మండపేట, తాడేపల్లిగూడెం చుట్టుపక్కల పాత టాటా 1210లు, 1613లు, 407లు, లేలాండ్ కామెట్లు ఇంకా కిరాయిలకు తిరుగుతూనే ఉన్నాయి. చాలా బండ్లకు యజమానే డ్రైవరు. వాయిదాలు ఎప్పుడో తీరిపోయిన బండి కనుక వచ్చిన కిరాయిలో నాలుగు డబ్బులు మిగులుతాయి. మిగిలిన డబ్బును మళ్లీ బండి మీద పెట్టే రోజు వచ్చినప్పుడే తికమక మొదలవుతుంది. లాగడం లేదని షెడ్డుకు తీసుకెళితే ఒక మేస్త్రీ బోరు (ఇంజన్ విప్పి అరిగిన సిలిండర్ల లోపలి భాగాలు మార్చే పని) చేయించమంటాడు, ఇంకొకరు టర్బో (ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే పరికరం) పెట్టమంటారు, మూడో ఆయన విజయవాడ ఆటోనగర్ నుంచి కమిన్స్ ఇంజన్ తెచ్చి ఎక్కించేద్దామంటాడు. ముగ్గురి మాటలోనూ నిజం ఉంది. కానీ ఈ బండి ఏ దారిలో తిరుగుతుంది, ఏ సరుకు మోస్తుంది, నెలకు ఎన్ని కిలోమీటర్లు నడుస్తుంది అని ముందుగా అడిగేవాళ్లు తక్కువ. ఎంపిక మొత్తం ఆ మూడు ప్రశ్నల మీదే ఆధారపడి ఉంది.

నా అభిప్రాయం ముందే చెబుతాను. డెల్టా లోపలే తిరిగే పాత లారీలకు కొత్తగా శక్తి పెంచాల్సిన అవసరం చాలా అరుదు. ఫ్యాక్టరీ నుంచి వచ్చిననాడు ఉన్న శక్తిని తిరిగి రాబట్టుకుంటే చాలు. డెల్టా దాటి ఘాట్ ఎక్కే బండ్లకు, చేపల లోడుతో దూరప్రయాణం చేసే బండ్లకు మాత్రమే టర్బో గురించో వేరే ఇంజన్ గురించో ఆలోచించడంలో అర్థముంది.

చదును నేల మీద ఎంత శక్తి కావాలి

టాటా వారి పాత నాలుగంకెల పేర్లలో ఒక పద్ధతి ఉంది. మొదటి రెండంకెలు లోడుతో కలిపి బండి మొత్తం బరువును టన్నుల్లో చెబుతాయి. చివరి రెండంకెలను పదితో హెచ్చిస్తే హార్స్‌పవర్ వస్తుంది. అంటే 1210 అనేది 12 టన్నులు, 100 హార్స్‌పవర్ తరగతి బండి. 1613 అంటే 16 టన్నులు, 130 హార్స్‌పవర్. ఈ శక్తి మన దారులకు చాలుతుందా లేదా అన్నది లెక్క వేసి చూడవచ్చు.

నిండు లోడుతో 16 టన్నులున్న లారీ చదునైన తారు రోడ్డు మీద గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళుతోందనుకుందాం. టైర్ల ఒరిపిడినీ ఎదురుగాలినీ కలిపితే చక్రాల దగ్గర సుమారు 50 హార్స్‌పవర్ ఖర్చవుతుంది. అదే బండిని 80 కిలోమీటర్ల వేగంతో తోలితే దాదాపు 90 కావాలి. వేగం మూడో వంతే పెరిగినా గాలి ఒత్తిడి వేగం వర్గంతో పెరగడం వల్ల శక్తి అవసరం ఇంచుమించు రెట్టింపవుతుంది. ఇక ఘాట్ సంగతి చూడండి. 20 మీటర్లకు ఒక మీటరు లేచే ఎత్తును 25 కిలోమీటర్ల వేగంతో ఎక్కాలంటే 85 హార్స్‌పవర్ దాకా పడుతుంది. అదే ఎత్తును 40 కిలోమీటర్ల వేగంతో ఎక్కాలంటే 140 దాటుతుంది. గేరుబాక్సులోనూ హౌసింగ్‌లోనూ (వెనక ఇరుసులో) పోయే పది, పదిహేను శాతాన్ని దీనికి అదనంగా కలుపుకోవాలి.

ఈ అంకెలను మన దారుల పక్కన పెట్టి చూడండి. అంబాజీపేట నుంచి కొబ్బరికాయలు, రావులపాలెం నుంచి అరటి గెలలు, కడియం నర్సరీల నుంచి మొక్కలు, పొలాల నుంచి మండపేట మిల్లులకు ధాన్యం, మిల్లుల నుంచి కాకినాడ రేవుకు బియ్యం. ఇందులో ఎక్కడా కొండ లేదు. కాలువగట్ల మీద, ఊళ్ల మధ్య 60 దాటే అవకాశమే రాదు. సరైన స్థితిలో ఉన్న 100 హార్స్‌పవర్ ఇంజన్ ఈ పనిని సునాయాసంగా చేస్తుంది. చేయడం లేదంటే దాని శక్తి ఎక్కడో కారిపోతోందని అర్థం.

డెల్టాలో ఎత్తులు అసలే లేవనుకోవద్దు. లంకల్లోంచి ఏటిగట్టు మీదికి లేచే దారులు, పొలంలోంచి రోడ్డెక్కే ర్యాంపులు, వంతెనల ముందుండే ఎత్తుపల్లాలే మన ఘాట్లు. అవి పొట్టివి, నిలువైనవి, తరచుగా బురదగా ఉంటాయి. వాటిని మొదటి గేరులో, దాదాపు నిలుచున్న చోటు నుంచే ఎక్కాలి. టర్బో అక్కడ పెద్దగా ఆదుకోదు. ఇంజన్ తక్కువ చుట్లలో ఉన్నప్పుడు టర్బో చక్రాన్ని తిప్పేంత పొగ బయటికి రాదు కనుక గాలి ఒత్తిడి పుట్టదు. గట్టెక్కించేవి బలమైన కంప్రెషన్ (సిలిండరులో గాలిని నొక్కే ఒత్తిడి), జారని క్లచ్, సరైన గేరు నిష్పత్తి. ఈ ఒక్క సంగతి తెలిసినా చాలామంది లంకల లారీల వాళ్లు టర్బో ఖర్చు మానుకుంటారు.

టర్బోకు ఉన్న ఇంకో గొప్ప ప్రయోజనం ఎత్తైన ప్రాంతాల్లో పలచబడే గాలిని పూరించడం. మనం సముద్రమట్టానికి కొద్దిపాటి ఎత్తులోనే ఉన్నాం. ఆ ప్రయోజనం మనకు అక్కరకు రాదు.

ముందు పోయిన శక్తిని వెతకండి

ఏ పెద్ద ఖర్చుకైనా ముందు చేయించాల్సిన పరీక్షలు కొన్ని ఉన్నాయి. వీటికి ఒకటి రెండు రోజుల పని చాలు. వీటి ఫలితం చూడకుండా బోరుకు గానీ టర్బోకు గానీ ఒప్పుకోకండి.

మొదటిది గాలి. ధాన్యం మిల్లుల దగ్గర తిరిగే బండికి ఊకే ప్రధాన శత్రువు. ఎయిర్ ఫిల్టరులోకీ చేరుతుంది, రేడియేటర్ రెక్కల మధ్యా ఇరుక్కుంటుంది. నూనె గిన్నె ఉండే పాత రకం ఫిల్టరయితే గిన్నె అడుగున చేరిన బురద నూనె మట్టాన్ని పైకి నెడుతుంది. డ్రైవరుకు మాత్రం నూనె నిండుగా ఉన్నట్టే కనబడుతుంది. సీజనులో దాన్ని వారానికొకసారైనా విప్పి కడగాలి. ఇంజన్ పీల్చే గాలి రేడియేటర్ వెనకనుంచి వస్తోందా, బయటి నుంచి వస్తోందా అన్నది కూడా చూడండి. గాలి వేడి 3 డిగ్రీలు పెరిగితే దాని సాంద్రత సుమారు ఒక శాతం తగ్గుతుంది. ఇంజన్ గదిలోని గాలి బయటి గాలికన్నా ఇరవై ముప్పై డిగ్రీలు వేడిగా ఉంటుంది. అంటే పీల్చే గొట్టం ఊడిపోయి పక్కకు జరిగినందుకే ఏడెనిమిది శాతం శక్తి పోవచ్చు. దాన్ని మళ్లీ బిగించడానికి ఒక క్లిప్పు, అరగంట పని చాలు.

రెండోది డీజిల్. పాత లారీల్లో ఎక్కువ భాగం మైకో వారి ఇన్‌లైన్ పంపుతో వచ్చాయి. ఆ కంపెనీ పేరు 2008లో బాష్‌గా మారినా మన షెడ్లలో అది ఇప్పటికీ మైకో పంపే. ఏళ్ల తరబడి నడిచిన పంపులో ఒక సిలిండరుకు ఎక్కువ, ఇంకో సిలిండరుకు తక్కువ డీజిల్ వెళ్లడం సహజం. దాన్ని సరిచేయడానికి పంపును విప్పి క్యాలిబ్రేషన్ బెంచి మీద పెట్టి, సిలిండరు వారీగా గాజు గొట్టాల్లోకి వచ్చే డీజిల్‌ను కొలిచి సమం చేస్తారు. ఈ పని చేయించేటప్పుడు యజమాని పక్కనే నిలబడి చూడాలి.

నాజిల్ పరీక్ష కూడా కళ్లారా చూడదగ్గది. చేతిపంపులాంటి చిన్న పరికరానికి ఇంజెక్టర్ బిగించి మీట నొక్కుతారు. ఒత్తిడి చూపే ముల్లు లేస్తుంది, లేస్తుంది, ఒక ఒత్తిడి దగ్గర టక్కుమని చప్పుడు చేస్తూ డీజిల్ బయటికి దూకుతుంది. మంచి నాజిల్ అయితే ప్రతి రంధ్రం నుంచీ సన్నని తుంపర పొగమంచులా సమానంగా విచ్చుకుంటుంది. ఆ వెంటనే మొన పొడిగా ఉంటుంది. అరిగిన నాజిల్ అయితే ఒక పక్క ధార, ఒక పక్క తుంపర వస్తాయి, చివర ఒక చుక్క వేలాడుతుంది. వేలాడే ఆ చుక్కే ఇంజన్‌లో సరిగా కాలక నల్లపొగగా పోతుంది, పిస్టన్ నెత్తిని కాలుస్తుంది, లైనరు (సిలిండరు లోపలి గొట్టం) మీది నూనెను కడిగేస్తుంది. కిరాయి డబ్బులో కొంత భాగం అలా సైలెన్సర్లోంచి పోతోంది.

మూడోది కంప్రెషన్. పరికరంతో అన్ని సిలిండర్లనూ కొలిపించి కాగితం మీద రాయించుకోండి. అంకె ఎంతన్నది ఇంజన్ను బట్టి మారుతుంది గానీ, సిలిండర్ల మధ్య తేడా పది శాతం దాటితే లోపల అరుగుదల సమంగా లేదని తెలుస్తుంది. పరికరం దొరకని చోట ఇంకో పద్ధతి ఉంది. ఇంజన్ వేడెక్కాక నూనె పోసే మూత తీసి, దాన్ని తలకిందులుగా ఆ రంధ్రం మీదే పెట్టండి. మూత కొద్దిగా వణికితే భయం లేదు. ఎగిరి కింద పడితే, గుప్పుగుప్పున నీలి పొగ తన్నితే రింగులు, లైనర్లు పని అడుగుతున్నట్టే.

పొగ రంగు కూడా సంగతి చెబుతుంది. నల్లపొగ అంటే డీజిల్‌కు తగ్గ గాలి లేదు, లేదా నాజిల్ పాడైంది. నీలిపొగ అంటే ఇంజన్ ఆయిల్ మండుతోంది. వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగకపోతే హెడ్ గ్యాస్కెట్ నుంచి నీరు దిగుతోందేమో, డీజిల్ కాలకుండానే బయటపడుతోందేమో చూడాలి.

టాపెట్ల సందు, మసి పట్టిన సైలెన్సర్, పట్టేసే బ్రేకులు, గాలి తగ్గిన టైర్లు కూడా ఇదే వరసలో చూడాల్సినవి. లోడుతో మూడో గేరులో వెళుతూ ఒక్కసారి యాక్సిలరేటర్ తొక్కితే ఇంజన్ చప్పుడు పెరిగి బండి వేగం పెరగకపోతే తప్పు ఇంజన్‌ది కాదు, క్లచ్‌ది.

రేడియేటర్ గురించి తీరప్రాంతం వారికి విడిగా చెప్పాలి. అంతర్వేది, నరసాపురం వైపు, రొయ్యల చెరువుల మధ్య తిరిగే బండ్లలో దొరికిన నీళ్లు పోసే అలవాటు ఉంది. ఉప్పు కలిసిన బోరుబావి నీళ్లు రేడియేటర్ గొట్టాల లోపల పొలుసుగా గట్టిపడతాయి. బయట ఉప్పుగాలికి రెక్కలు పొడి పొడిగా రాలిపోతాయి. ఇంజన్ వేడెక్కుతుందని డ్రైవరు కాలు ఎత్తేస్తాడు. అది చూసి యజమాని పికప్ లేదనుకుంటాడు. అలాంటి బండికి రేడియేటర్ కోర్ మార్చి, కూలెంట్ పోసి చూడకుండా ఇంజన్ విప్పడం వృథా.

పంపు స్క్రూ తిప్పించడం

అన్నిటికన్నా చౌకైనది, అందరికన్నా ముందు వినబడేది ఇదే. "ఒక పావు తిప్పు పెంచమంటారా అండీ? రేపటి నుంచి బండి పరుగెత్తుతుంది" అంటాడు మేస్త్రీ. పరుగెత్తుతుంది, నిజమే. పంపు పెంచితే డీజిల్ ఎక్కువ వెళుతుంది, కానీ టర్బో లేని ఇంజన్ పీల్చే గాలి మాత్రం పెరగదు. ఆ గాలికి సరిపడినంత మేరకే శక్తి వస్తుంది. మిగిలినదంతా నల్లపొగ, వేడి. లోడుతో హైవే మీద గంటసేపు తొక్కి పట్టుకుంటే పిస్టన్లు, వాల్వులు భరించలేని వేడి పుడుతుంది. పైగా బీఎస్-4 పొగ నిబంధనలకు ముందు నాటి డీజిల్ బండ్లకు పొగ పరీక్షలో 65 హార్ట్‌రిడ్జ్ యూనిట్ల (పొగ చిక్కదనపు కొలత) పరిమితి ఉంది. 8 ఏళ్లు దాటిన లారీకి ఏటా ఫిట్‌నెస్ తప్పదు కనుక ప్రతి ఏడాదీ పరీక్షకు ముందు స్క్రూ వెనక్కి, తరవాత ముందుకు తిప్పుకుంటూ ఉండాలి. క్యాలిబ్రేషన్‌లో కంపెనీ చెప్పిన కొలతకు పెట్టించుకోవడం వేరు, దాన్ని దాటించడం వేరు. రెండోదాన్ని నేను ఎవరికీ చెప్పను.

బోరు పనా, టర్బోనా, వేరే ఇంజనా?

పరీక్షల్లో కంప్రెషన్ పోయిందని తేలితే అప్పుడు పెద్ద ఖర్చు మాట వస్తుంది.

టాటా 697 ఇంజన్ ఉన్న బండికి నా మొదటి ఓటు పూర్తి బోరు పనికే. ఆ ఇంజన్ కొలతలు చూడండి: ఆరు సిలిండర్లు, 97 మిల్లీమీటర్ల బోరు (సిలిండరు వ్యాసం), 128 మిల్లీమీటర్ల స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం), 5675 సీసీ. 1954లో టాటాకూ డైమ్లర్-బెంజ్‌కూ మధ్య మొదలైన ఒప్పందం నాటి వంశానికి చెందినది. బెంజ్ వారి ఓఎం 352 ఇంజన్‌కూ సరిగ్గా ఇవే కొలతలు. బోరుకన్నా స్ట్రోకు బాగా పొడుగు కనుక తక్కువ చుట్లలోనే లాగే గుణం దీనికి పుట్టుకతో వచ్చింది. ఏటిగట్టు ర్యాంపులకు కావలసింది అదే. విడిభాగాలు చిన్న పట్టణాల్లోనూ దొరుకుతాయి, చేయి తిరిగిన మేస్త్రీలు ఉన్నారు, ఆర్‌సీలో ఒక్క అక్షరం మార్చనక్కర్లేదు. 407లో వచ్చిన నాలుగు సిలిండర్ల 497 కూడా 97 మిల్లీమీటర్ల బోరుదే, 2956 సీసీ. దానికీ ఇదే సలహా.

అయితే బోరు పని అంటే ఏమేమి చేస్తారో ముందే రాయించుకోండి. లైనర్లు, పిస్టన్లు, రింగులు మార్చి, క్రాంకు (పిస్టన్లు తిప్పే ఇరుసు) ముట్టుకోకుండా మూసేసేది సగం పని. క్రాంకు షాఫ్టును మైక్రోమీటరుతో కొలిచి, అరుగుదలను బట్టి 0.25, 0.50 మిల్లీమీటర్ల చొప్పున గ్రైండింగ్ చేయించి, ఆ సైజు బేరింగులు వేయాలి. హెడ్డు వంకరపోయిందేమో చూసి సాపు చేయించాలి, వాల్వు గైడ్లు, సీట్లు మార్చాలి, ఆయిల్ పంపు, వాటర్ పంపు చూడాలి. లేత్ దగ్గరికి వెళ్లేటప్పుడు బండి బాధ్యుడొకరు వెంట వెళ్లడం మంచిది. ఆ తరవాత మొదటి రెండు వేల కిలోమీటర్లు నిండు లోడు వేయకుండా, ఒకే వేగంతో గంటల తరబడి తోలకుండా ఉండాలి. మొదటి నూనె త్వరగా, వెయ్యి కిలోమీటర్లలోపే మార్చేయాలి. వరికోతల ముందు బోరు చేయించి మర్నాడే ధాన్యం ఎక్కించేవాళ్లు రింగులు కుదురుకోకముందే వాటిని పాడుచేసుకుంటారు. ఈ పనికి జూలై, ఆగస్టు నెలలే అనువు. వరదల వల్ల లంకల కిరాయిలు ఎలాగూ ఆగి ఉంటాయి.

టర్బో మాటకొస్తే, ముందు ఒక అపోహ పోవాలి. పాత ఇంజన్‌కు టర్బో బిగించడమంటే ఒక చక్రం, రెండు గొట్టాలు కాదు. కంపెనీ టర్బో ఇంజన్లలో పిస్టన్లే వేరు. కంప్రెషన్ నిష్పత్తి కాస్త తక్కువగా ఉంటుంది, పై రింగు గాడికి గట్టి లోహపు పట్టీ ఉంటుంది, చాలావాటిలో పిస్టన్ అడుగుకు నూనె చిమ్మే జెట్లు ఉంటాయి. హెడ్ గ్యాస్కెట్ వేరు, వాల్వులు వేరు. పంపుకు టర్బో ఒత్తిడిని బట్టి డీజిల్ పెంచే పొర అమర్చి ఉంటుంది. ఇవేవీ లేకుండా టర్బో ఒక్కటే పెడితే ఇంజన్ ఎక్కువ కాలం నిలవదు. డీజిల్ మండగా వచ్చిన శక్తిలో రమారమి మూడో వంతు పనికి, మూడో వంతు సైలెన్సర్‌కు, మూడో వంతు రేడియేటర్‌కు పోతుంది. అంటే 30 హార్స్‌పవర్ పెంచితే దాదాపు అంతే వేడిని రేడియేటర్ అదనంగా బయటికి పంపాలి. ఊకతో సగం మూసుకున్న పాత రేడియేటర్ ఆ పని చేయలేదు.

కాబట్టి టర్బో కావాలంటే అదే ఇంజన్ కుటుంబంలో కంపెనీయే తయారు చేసిన టర్బో రకం భాగాలు మొత్తంగా వేయించుకోవాలి. అది కూడా ఎలాగూ బోరు పని చేయిస్తున్న సమయంలోనే. విడిగా చేయిస్తే ఖర్చు రెండింతలు. దానితోపాటు డ్రైవరు అలవాట్లు కూడా మారాలి. టర్బో చక్రం నిమిషానికి లక్ష చుట్ల స్థాయిలో తిరుగుతుంది, సన్నని నూనె పొర మీద నిలబడి ఉంటుంది. హైవే మీంచి వచ్చి హోటలు ముందు ఆపగానే తాళం తీసేస్తే నూనె ఆగిపోయి బేరింగు మాడుతుంది. రెండు మూడు నిమిషాలు ఇంజన్ నెమ్మదిగా తిరగనిచ్చి ఆపాలి. ఇంజన్ ఆయిల్ కూడా సీఐ-4 వంటి మంచి రకమే పోయాలి.

డెల్టాలో టర్బోకు ఇంకో చిక్కుంది. ఇంటర్‌కూలర్ (టర్బో నుంచి వచ్చే వేడి గాలిని చల్లార్చే పెట్టె) బండి ముందు భాగంలో కిందుగా వస్తుంది, గొట్టాల అతుకులు కిందికి ఉంటాయి. ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 10 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. అంతకు ముందు నుంచే లంకల కాజ్‌వేల మీద నీళ్లు పారుతుంటాయి. ఆ నీటిలో దిగి వెళ్లే బండిలో ఒక్క గొట్టం క్లిప్పు వదులైనా ఇంజన్ నీళ్లు తాగుతుంది. నీరు నొక్కుడుపడదు కనుక కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. గాలి పీల్చే నోరు క్యాబిన్ ఎత్తుకు లేపి పెట్టిన పాత ఏర్పాటు మనకు మేలైనది.

ఇక మూడో దారి, వేరే ఇంజన్ ఎక్కించడం. ఇందులో ఎక్కువగా వినబడే పేరు 5.9 లీటర్ల కమిన్స్ 6బీటీ. టాటా కమిన్స్ సంస్థ 1993లో జంషెడ్‌పూర్‌లో ఏర్పడింది. టాటా లారీల్లో ఈ ఇంజన్ కంపెనీ నుంచే వచ్చింది కనుక ఛాసిస్‌కు ఎక్కించే పని తెలిసినవాళ్లు దొరుకుతారు. దూరప్రయాణాలకు గొప్ప ఇంజన్. కానీ రెండు సంగతులు తెలుసుకుని కొనండి. ఒకటి, దీనికి లైనర్లు ఉండవు. బ్లాకులోనే బోరు ఉంటుంది. అరిగితే బ్లాకును తొలిచి పెద్ద సైజు పిస్టన్లు వేస్తారు. ఇప్పటికే తొలిచిన బ్లాకును కొంటే మళ్లీ పని చేయించడానికి చోటు తక్కువ. కొనేముందు ఒక పిస్టన్ నెత్తి మీద సైజు గుర్తు చూపించమనండి. రెండు, ఇంజన్ ఒక్కటే వస్తే సరిపోదు. పెరిగిన టార్కుకు (తిప్పే బలానికి) తగిన క్లచ్, రేడియేటర్, ఇంజన్ ఫౌండేషన్లు, ప్రొపెల్లర్ షాఫ్టు కావాలి. బ్రేకులు, కమాన్ కట్టలు మాత్రం పాత బరువుకు, పాత వేగానికి తయారైనవే అక్కడ ఉంటాయి. వేగం పెంచి బ్రేకులు అలాగే ఉంచడం ఎవరి ప్రాణానికీ మంచిది కాదు.

తక్కువమంది ఆలోచించే దారి: క్రౌన్ పినియన్

మిల్లు నుంచి కాకినాడకు, తణుకు నుంచి విజయవాడకు హైవే మీదే ఎక్కువగా తిరిగే బండికి నాకు బాగా నచ్చిన మార్పు ఇదే: క్రౌన్ పినియన్, అంటే వెనక ఇరుసులో చుట్లను తగ్గించి చక్రాలకు ఇచ్చే పళ్ల జత, మార్చడం. 9.00-20 టైరు ఒక చుట్టుకు సుమారు 3.1 మీటర్లు వెళుతుంది. టాప్ గేరులో 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బండికి 6/41 (పినియన్‌కు 6 పళ్లు, క్రౌన్‌కు 41) క్రౌన్ పినియన్ ఉంటే ఇంజన్ నిమిషానికి 2200 చుట్లు తిరగాలి. 7/41 వేస్తే 1890 చుట్లు చాలు. అదే వేగం, పధ్నాలుగు శాతం తక్కువ చుట్లు. ఇంజన్ తన బలమైన టార్కు ఉన్న చోటికి దగ్గరగా నడుస్తుంది. చప్పుడు, డీజిల్, అరుగుదల మూడూ తగ్గుతాయి.

దీనికి మూల్యం కూడా అంతే. ప్రతి గేరులోనూ లాగే బలం పధ్నాలుగు శాతం తగ్గుతుంది. లంకలోంచి నిండు కొబ్బరి లోడుతో గట్టెక్కే బండికి ఈ పని చేయిస్తే రోజూ క్లచ్ మాడుతుంది. ఇంజన్ కంప్రెషన్ బాగా ఉన్న, హైవే బండికి మాత్రమే ఇది. మీటరు చూపే వేగం కూడా మారుతుంది కనుక దాని పళ్లు సరిచేయించుకోవాలి.

లెక్క ఎలా వేసుకోవాలి

నెలకు 4,000 కిలోమీటర్లు తిరిగే బండి లీటరుకు 4 కిలోమీటర్లు ఇస్తే 1,000 లీటర్లు తాగుతుంది. పంపు, నాజిళ్లు, గాలి మార్గం సరిచేశాక 4.4 వచ్చిందనుకుంటే 909 లీటర్లు. మిగిలింది 91 లీటర్లు. లీటరు 95 రూపాయల చొప్పున నెలకు 8,645 రూపాయలు. మీ ఖర్చును ఈ మిగులుతో భాగిస్తే ఎన్ని నెలల్లో తిరిగొస్తుందో తెలుస్తుంది. అదే బండి నెలకు 1,500 కిలోమీటర్లే తిరిగితే మిగులు 3,240 రూపాయల దగ్గరే ఆగుతుంది. పెద్ద ఇంజన్ ఖర్చు అంత తక్కువ తిరుగుడుకు ఎన్నేళ్లకు పూడుతుందో వేసి చూడండి. అందుకే ఊళ్లో ఇటుకలు, ఇసుక, ఎరువులు తోలే బండికి పరీక్షలు, అవసరమైతే బోరు, అంతకు మించి వద్దంటాను.

రంపచోడవరం దాటి మారేడుమిల్లి, చింతూరు ఘాట్ వైపు వారంలో రెండుమూడు సార్లు వెళ్లే బండి సంగతి వేరు. అక్కడ నిండు లోడుతో గంటల తరబడి పూర్తి శక్తి కావాలి. కంపెనీ టర్బో భాగాలతో బోరు పని చేయించడం ఆ బండికి న్యాయమైన ఖర్చు, రేడియేటరూ బ్రేకులూ ముందు బాగుచేయించాక. భీమవరం, ఆకివీడు నుంచి మంచు పెట్టెల్లో చేపలు వేసుకుని హౌరా వైపు పోయే బండ్ల దగ్గర సమయమే సరుకు. 80 దగ్గర నిలకడగా, రోజుల తరబడి పరుగెత్తాలి. నిజం చెప్పాలంటే ఆ పనికి పాత లారీని సిద్ధం చేయడం కన్నా, దాన్ని అమ్మి ఆ ఖర్చు కలిపి 2017 తరవాతి బీఎస్-4 బండిని సెకండ్ హ్యాండులో చూడటం మేలు. దారిలో ఒక్కసారి ఆగిపోతే పోయే లోడు విలువ ఏ ఇంజన్ పనికన్నా ఎక్కువ.

ఆర్‌సీ, ఇన్సూరెన్సు

మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ ఇచ్చిన వివరాలకూ ఆర్‌సీకీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ విషయాన్ని గట్టిగా చెప్పింది. అదే మోడలుకు చెందిన ఇంజన్ వేసినా ఇంజన్ నంబరు మారుతుంది కనుక ముందుగా రవాణా కార్యాలయంలో అనుమతి తీసుకుని, తరవాత ఆర్‌సీలో నంబరు మార్పించుకోవాలి. వేరే సామర్థ్యం ఉన్న ఇంజన్‌కు అనుమతి వస్తుందో రాదో డబ్బు కట్టకముందే, రాతపూర్వకంగా అడగాలి. "తరవాత చూసుకుందాం లెండి" అనే మాట నమ్మి ఇంజన్ ఎక్కిస్తే ఫిట్‌నెస్ రోజున తనిఖీ చేసేవారు ఇంజన్ మీదున్న నంబరు చదివినప్పుడు బండి అక్కడే ఆగుతుంది. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు కంపెనీ కూడా మొదట అడిగేది ఆ నంబరే.

ఆటోనగర్‌లో విప్పిన బండి ఇంజన్ కొంటుంటే అమ్మినవారి బిల్లు, ఆ బండి ఆర్‌సీ నకలు, రద్దు కాగితం మూడూ చేతికి వచ్చాకే డబ్బు ఇవ్వండి. నంబరు కొట్టిన చోట గ్రైండింగ్ మచ్చ గానీ కొత్త పెయింటు గానీ కనబడితే ఎంత చౌకగా ఇచ్చినా తీసుకోవద్దు. వీలైతే దుకాణంలోనే స్టార్ట్ చేయించి అరగంట తిప్పించండి, నూనె మూత పరీక్ష అక్కడే చేయండి. స్టార్ట్ చేసి చూపడానికి ఒప్పుకోకపోతే కనీసం అడుగు చాంబరు విప్పించి ఒక బేరింగు మూత తీయించండి. బేరింగు మీద వేలితో రాస్తే మెత్తగా ఉండాలి. గోరుకు గీతలు తగిలినా, రాగి రంగు బయటపడినా ఆ క్రాంకుకు గ్రైండింగ్ ఖర్చు ఉందని బేరంలో అప్పుడే తగ్గించుకోవచ్చు.